పొడుగు లాగుడు

రివాల్వర్ చేతికొచ్చిన రోజున రంగప్ప పులి అయ్యాడని ఊరు అనుకుంది. నిజం చెప్పాలంటే ఆయన ఆ రోజు నుంచే పిల్లి అయ్యాడు. అంతకుముందు చీకట్లో సైతం ఒంటరిగా చేనికి పోయి నీళ్ళు కట్టుకొని వచ్చిన మనిషి, ఆయుధం వచ్చాక పట్టపగలు కూడా తలుపుకు గడియ పెట్టుకొని కూర్చోవడం మొదలుపెట్టాడు. భయం లేనివాడికి తుపాకి ఇవ్వరు, తుపాకి ఉన్నవాడికి భయం పోదు. సర్కారు వారి లెక్క అట్లా ఉంటుంది మరి.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. పెనుకొండకు కూతవేటు దూరంలో, కొండ నీడ పడే పల్లె వాళ్ళది. అక్కడ సుంకప్ప అనే రైతు కాలువ నీళ్ళ తగాదాలో పక్క చేని మనిషి మీద గొడ్డలి ఎత్తాడు. ఆ మనిషి బతికాడు గానీ చేయి పోయింది. చూసినవాళ్ళు చాలామందే ఉన్నా, హిందూపురం కోర్టులో బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పినవాడు రంగప్ప ఒక్కడే. మిగతా అందరికీ ఆ రోజు ఎండ కళ్ళలో పడిందట. సుంకప్పకు జైలు పడింది. పోలీసులు బస్సు ఎక్కిస్తుంటే అతను వెనక్కి తిరిగి, అందరూ వినేలా, "రంగప్పా, తిరిగొస్తా. వచ్చినాంక మాట్లాడుకుందాం" అన్నాడు.

గొడ్డలి ఎత్తిన మనిషి మాట్లాడుకుందామంటే ఏ భాషలో మాట్లాడతాడో ఆ సీమలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

సుంకప్ప విడుదలయ్యే రోజు దగ్గరపడిన ఏడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, రంగప్ప అనంతపురం ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. హిందూపురంలో మిలిటరీ నుంచి రిటైరైన ఒకాయన దగ్గర పాత ఇంగ్లీషు రివాల్వర్ కొన్నాడు. కొన్నాడు సరే, పేల్చడం ఎవరు నేర్పుతారు? అందుకు పెనుకొండలో లాల్‌సాబు ఉన్నాడు. పోలీసు శాఖలో కానిస్టేబుళ్ళకు తుపాకులు నేర్పి రిటైరైన హవల్దారు. మీసం నెరిసింది గానీ గొంతు నెరవలేదు. ఆయన గుసగుసగా చెప్పిన రహస్యం కూడా రెండు వీధుల అవతలకు వినబడుతుంది.

కొండ కింద పాడుబడ్డ రాతిగని దగ్గర, బండ మీద ఒక గుమ్మడికాయ పెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"ఇదో, ఈ వెనకాల చిన్న సుత్తి మాదిరి ఉండాది చూడు. దీన్ని మేము ఘోడా అంటాం. ఈ ఘోడా పైకి లేచి దబ్బున పడితేనే గుండు పోయేది. దాన్ని లేపేదానికి రెండు దావలుండాయి. ఒకటి, బొటనవేలితో నువ్వే ఎనక్కి ఎక్కించి పెట్టేది. అప్పుడు ట్రిగ్గర్ మీద ఈగ వాలినా చాలు, పేల్తాది. రెండోది, బొటనవేలి జోలికే పోకుండా ట్రిగ్గర్ని పొడుగ్గా లాగేది. నువ్వు లాగేకొద్దీ ఘోడా దానంతటదే లేస్తాది, కడాకు వచ్చినాంక పడతాది. బావిలో నీళ్ళు చేదినట్ట. బరువు."

రంగప్ప రెండూ చేసి చూశాడు. ఘోడా ఎక్కించి కొడితే గుమ్మడికాయ రెండు చెక్కలైంది. ఇంకో కాయ పెట్టి పొడుగ్గా లాగితే రివాల్వర్ మూతి వణికింది, గుండు ఎటో పోయి బండకు తగిలింది, కొండ మీది కోతులన్నీ కకావికలైపోయాయి. గుమ్మడికాయకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"నీకు ఒకటో దావే మేలప్పా" అని లాల్‌సాబు తేల్చేశాడు. "నా సర్వీసంతా నేనూ అదే కొట్టినా. కప్పులు గెలిచినా. ఆ పొడుగు లాగుడు ఏమిటికంటే, శత్రువు ముక్కు మీదికొచ్చి నిలబడినప్పుడు, ఘోడా ఎక్కించేదానికి టైము లేనోనికి. వాడు దూరంలో ఉన్నప్పుడే నువ్వు కొట్టల్ల."

రంగప్ప బుద్ధిగా తల ఊపాడు. దూరంలో ఉన్నప్పుడే కొట్టాలన్న మాట ఆయన గుండెలో మేకులా దిగింది.

సుంకప్ప విడుదలై ఊళ్ళోకి వచ్చాడు. మాట్లాడడానికి మాత్రం రాలేదు. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని ఎదురుచూడడం కంటే వాడు నిజంగా వచ్చేస్తే బాగుండునని రంగప్పకు చాలాసార్లు అనిపించింది. అన్నం సయించలేదు. ఆకు కదిలితే ఉలిక్కిపడేవాడు. ఒకరోజు తెల్లవారుజామున పెరట్లో ఏదో పెద్ద చప్పుడైతే, రివాల్వర్ తీసి ఘోడా ఎక్కించి తలుపు చాటున నిలబడ్డాడు. తీరా చూస్తే గేదె కట్టు తెంచుకొని నీళ్ళ బానను తన్నేసింది.

గేదెను కాల్చలేదు, అంతవరకు బాగానే ఉంది. అయితే ఎక్కించిన ఘోడాను దించాలి కదా! దించడం ఎక్కించినంత సులువు కాదు. బొటనవేలితో దాన్ని గట్టిగా పట్టుకొని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లమెల్లగా వదలాలి. చెమట పట్టిన వేలు సర్రున జారింది. ఇల్లు అదిరిపోయేలా పేలింది.

గుండు మంచం కింద ఉన్న రేకు పెట్టెలోకి దూరింది. వంటింట్లోంచి ఆయన భార్య నీలావతి గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ముందు మొగుడి ఒళ్ళంతా తడిమి చూసింది. రక్తం లేదని తేలాక పెట్టె మూత తీసింది. లోపల ఆమె పెళ్ళిచీర, ధర్మవరం పట్టు, మామిడిపండు రంగుకు మెరూన్ అంచు. విప్పి చూస్తే మడతకొక కన్నం చొప్పున, ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా కన్నాలు. పేలింది ఒక్క గుండు, చిల్లులు పడింది చీరంతా.

ఆ చీరను ధర్మవరం తీసుకుపోయినప్పుడు మూట మోసే శిక్ష రంగప్పకే పడింది. దాన్ని నేసిన దాసప్ప ఇంకా మగ్గం గుంటలోనే ఉన్నాడు. చీరను వెలుతురుకు పట్టి, "ఎలకలు ఇంత వరసగా కొరకవు గదమ్మా" అని ఆశ్చర్యపోయాడు. నీలావతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ముసలాయన రంగప్ప వంక ఒక చూపు చూసి, "కన్నమున్న చోటల్లా జరీ బుటా కుట్టిస్తాలే తల్లీ. చీరకైతే కుట్టొచ్చు" అన్నాడు. మనుషుల సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తకపోయినా రంగప్ప తల నేలకు వాలింది.

తిరిగొచ్చి పెనుకొండలో రైలు దిగాక నీలావతి ఇంటి దారి పట్టకుండా నేరుగా లాల్‌సాబు ఇంటికి నడిచింది. వెనకాలే రంగప్ప నడిచాడు. లాల్‌సాబు భార్య ఖాతూన్‌బీ చాయ్ తెచ్చి పెట్టేలోపే నీలావతి అడగాల్సింది అడిగేసింది.

"అన్నా, ఆ పొడుగ్గా లాగేదాంట్లో, సగం లాగినాంక వద్దనుకుంటే ఏమవుతాది?"

"ఏమీ కాదు చెల్లెమ్మా. మెల్లగా వేలు ఇడిచిపెడితే సరి. ఘోడా దానంతటదే దిగిపోతాది."

"మల్ల, ఎక్కించి పెట్టినదాంట్లో?"

లాల్‌సాబు మీసం దువ్వుకున్నాడు. "దాంట్లో వద్దనుకునేదానికి టైము ఉండదు."

"అట్లయితే ఈయప్పకు పొడుగు లాగుడే నేర్పు."

"గురి తప్పుతాదమ్మా!"

"తప్పనీ."

"సుంకప్ప గొడ్డలి తప్పదు గదా?"

ఖాతూన్‌బీ చాయ్ గ్లాసులు పట్టుకొని గుమ్మంలోనే ఆగిపోయింది. నీలావతి కొంగుతో ముఖం తుడుచుకొని, "వాడొచ్చి ఈయన్ని నరికితే నా బతుకు బండలైతాది, నాకు తెలుసన్నా. కానీ ఈయన ఆదరాబాదరా ఎవురినో కాల్చి పెడితే ఇంకో ఆడమనిషి బతుకు బండలైతాది, ఈయన పోయి జైల్లో కూసుంటాడు. మొదటిది నా చేతిలో లేదు. రెండోదన్నా నా చేతిలో ఉండనీ" అంది.

రంగప్ప అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి నడుమ కూర్చున్నాడు. చివరికి లాల్‌సాబే తగ్గాడు. రంగప్ప భార్య చేతిలో చేయి వేసి, ఇక ఘోడా ఎక్కించనని మాట ఇచ్చాడు. ఆ తరువాత రోజూ గుండ్లు తీసేసి ఖాళీ రివాల్వర్‌ను లాగడమే పని. వేలు కాయ కాసింది. రాతిగనిలో గుండ్లు వేసి కొట్టినప్పుడు గుమ్మడికాయలు మాత్రం ఎప్పటిలాగే నిక్షేపంగా ఉన్నాయి. కాయ పగలని ప్రతిసారీ రంగప్పకు సుంకప్ప గొడ్డలే గుర్తొచ్చేది. భార్య ముందు పొడుగు లాగుడు లాగాడు గానీ, లోపల నమ్మకమంతా బొటనవేలి మీదే పెట్టుకున్నాడు. నిజంగా వాడు వచ్చిన రోజున చూసుకుందాంలే అనుకున్నాడు. మొగవాళ్ళు పెళ్ళాలకు ఇచ్చే మాటల్లో సగం ఈ రకానివే.

ఎనభైలో పీర్ల పండుగ సరిగ్గా శెనక్కాయ పీకే రోజుల్లో వచ్చింది. ఆ పల్లెలో పీర్ల చావిడికి కులం, మతం అడ్డం రావు. చావిడి ముందు నిప్పుల గుండానికి మొదటి కట్టె రంగప్ప ఇంటి నుంచే పోవాలి. ఆయన తాతల నాటి ఆచారం అది. ఆ ఏడు కట్టె పోయింది గానీ మనిషి పోలేదు. అంత గుంపులో గొడ్డలి ఎటు నుంచి వస్తుందో ఎవరికి తెలుసు? కట్టెను పాలేరుతో పంపించి, పండుగ చివరి దినాన కూడా రంగప్ప ఇంట్లోనే కూర్చున్నాడు. నీలావతి పీర్ల ముందు చక్కెర పెట్టి ఫాతిహా చదివించుకొని రావడానికి చావిడికి పోయింది. పోతూ పోతూ, "నువ్వు జైలుకు పోకుండానే ఇంట్లో జైలు కట్టుకుంటివి" అని సణుక్కుంటూ పోయింది.

దూరంగా చావిడి దగ్గర తప్పెట్లు మోగుతున్నాయి. చిన్నప్పుడు ఆ మోతకు ఆయన కాళ్ళు నిలిచేవి కావు. ఇప్పుడు తలుపుకు గడియ పెట్టుకొని, గోడకు ఆనుకొని, ఒడిలో రివాల్వర్ పెట్టుకొని కూర్చున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎవరో కర్రతో తలుపు మీద కొట్టారు.

"ఎవురది?" అన్నాడు రంగప్ప. జవాబు లేదు. మళ్ళీ కొట్టారు. "ఎవురప్పా, పేరు చెప్పు!" అని గట్టిగా అరిచాడు. పేరు చెప్పలేదు. అడుగులు ఇంటి పక్క సందులోకి తిరిగాయి. మంచివాడెవడైనా పిలిస్తే పలుకుతాడు కదా! రంగప్ప రివాల్వర్ పట్టుకొని లేచాడు. పెరటి తలుపు తీసి నిలబడేసరికి, పెరటి గోడ మీది రాళ్ళు దొర్లిపడ్డాయి. గోడ దూకి ఒక మనిషి లోపలికి దిగాడు. ఒళ్ళంతా నల్ల కంబళి, ముఖం నిండా మసి, చేతిలో లావుపాటి కర్ర.

వచ్చాడు. ఇన్నాళ్ళకు వచ్చాడు.

వాడికీ తనకూ నడుమ పెరడంతా ఉంది. దూరంలో ఉన్నప్పుడే కొట్టాలి. రంగప్ప బొటనవేలు దానంతటదే పోయి ఘోడా మీద కూర్చుంది. ఒక్కసారి ఎక్కిస్తే చాలు, గుమ్మడికాయ పగిలినట్టు పగులుతుంది. అప్పుడు ఆయన తన చేతిని తనే చూసుకున్నాడు. గడగడ వణుకుతోంది. ఈ వణికే చేతిలో ఘోడా ఎక్కిస్తే ఇక కాల్చేది తను కాదు, ఆ వణుకే కాలుస్తుంది. వాడెవడో తను చూసేలోపే వాడు నేల మీద ఉంటాడు. చస్తే తనే చస్తాడు, కానీ చూడకుండా మాత్రం చంపడు. రంగప్ప పళ్ళు బిగించి బొటనవేలు తీసేశాడు. రెండు చేతులతో రివాల్వర్ పట్టుకొని పొడుగ్గా లాగడం మొదలుపెట్టాడు.

ఘోడా కొంచెం లేచింది. ఆ మనిషి ఒక అడుగు ముందుకు వేశాడు. ఘోడా ఇంకాస్త లేచింది. ఆ మనిషి కర్రను నేల మీద పడేశాడు. కంబళి కొంగు ముడి విప్పి, రెండు చేతులా పట్టుకొని, దోసిలిలా చాపాడు. కంబళిలో బియ్యం ఉన్నాయి, బెల్లం ముక్కలున్నాయి, ఎవరో వేసిన రెండు గుప్పిళ్ళ కొర్రలున్నాయి.

భిక్షం! ఎలుగుబంటి వేషం!

పండుగకు మొక్కున్నవాళ్ళు పులి వేషమో, ఎలుగు వేషమో కట్టి ఇల్లిల్లూ అడుక్కోవడం రంగప్ప పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. తప్పెట్లు కొట్టేవాళ్ళు లేకుండా, వాకిలి వదిలి పెరటి గోడ దూకి వచ్చిన వేషాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆయన ఊపిరి బిగబట్టి వేలును మెల్లగా ముందుకు వదిలాడు. ఘోడా దానంతటదే దిగింది. రివాల్వర్‌ను అటక మీదికి తోసేశాడు.

"ఎవుర్రా నువ్వు?"

ఎలుగుబంటి తల అడ్డంగా ఊపింది. ఒక వేలు పెదవుల మీద పెట్టుకొని చావిడి వైపు చూపించింది. మాట్లాడకూడని మొక్కు. రంగప్పకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చేసరికి దగ్గొచ్చింది. వసారాలో ఆరబోసిన శెనక్కాయలు రెండు చేతులా ఎత్తి కంబళిలో పోశాడు. చాలదనిపించి మళ్ళీ పోశాడు. కంబళి కిందికి సాగిపోతున్నా పోస్తూనే ఉన్నాడు.

అంతలో సందులోంచి ఒక కేక. "రంగప్పా! కాల్చొద్దప్పా! వాడు నా కొడుకప్పా! మాట్లాడడు, మొక్కులో ఉండాడు!"

గోడ ఎక్కలేక ఎక్కి, పంచె చినిగి, ఉత్త చేతులతో పెరట్లో పడ్డాడు సుంకప్ప. చూస్తే కొడుకు నిలబడే ఉన్నాడు, రంగప్ప శెనక్కాయలు పోస్తున్నాడు. పడినవాడు పడినట్టే మట్టిలో కూర్చుండిపోయాడు.

"బతికుండాడా?" అని పిచ్చివాడిలా అడిగాడు.

"బతికుండాడులేప్పా. శెనక్కాయల బరువుకు చస్తాడేమో" అన్నాడు రంగప్ప. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయాడు.

సుంకప్ప ఊపిరి అందాక సంగతి చెప్పాడు. కొడుకు ఓబులేసుకు చిన్నప్పుడు ఎంతకూ మాట రాలేదు. తల్లి అంకమ్మ పీర్లకు మొక్కుకుంది. మాట వస్తే, పెద్దవాడయ్యాక పండుగ చివరి దినాన నోరు విప్పకుండా ఎలుగు వేషంతో ఊరంతా అడుక్కుంటాడని. ఏ ఇల్లూ తప్పకూడదు, పగవాళ్ళదైనా సరే. ఈ ఇంటి దాకా వచ్చేసరికి తప్పెట్లవాళ్ళు మేము రామంటే రామని వెనక్కి మళ్ళారు. వాడు ఒక్కడే వచ్చాడు.

"నువ్వు తలుపు తీయలేదని, వాడు గోడ దూకినాడని ఇంటే నా పానం పోయిందప్పా."

రంగప్ప పోయి ఆయన ఎదురుగా మట్టిలోనే కూర్చున్నాడు. ఇక ఈ ప్రశ్న కడుపులో పెట్టుకొని బతకడం ఆయన వల్ల కాలేదు. "మాట్లాడుకుందాం అంటివి గదా సుంకప్పా. ఎప్పుడు?"

సుంకప్ప కళ్ళు దించుకున్నాడు. "అప్పుడు అన్నెది నిజంగానే అంటి. అబద్ధం చెప్పను. జైల్లో కూసున్నాంక అనిపించె, చేయి నరికింది నేను, చూసినోనిది తప్పు ఎట్లయితాదని. వచ్చి ఆ మాటే చెప్పల్లని ఎన్నిసార్లో బయలుదేరినా. కొండ కింద నీ తుపాకి సప్పుడు ఇనపడితే మల్ల ఎనక్కి పోతాంటి. నన్ను చంపేదానికే నేర్సుకుంటాండావని మా ఇంట్లో అందరికీ బయమే. నేను మీ వీధిలోకే రావడం మానేస్తి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏడాది పొడుగునా తను గడియ పెట్టుకొని ఎవరికి భయపడ్డాడో, అవతల ఆ మనిషి కూడా గడియ పెట్టుకొని తనకే భయపడ్డాడు. రంగప్ప గుండెల మీది నుంచి పెద్ద బండ ఏదో దొర్లిపోయింది. గట్టిగా ఊపిరి పీల్చాడు. పెరట్లో పేడ వాసన, శెనక్కాయల మట్టి వాసన. ఎంత బాగుందో అనుకున్నాడు.

సాయంత్రం పీర్లు నీళ్ళకని ఊరి పక్క వంకకు బయలుదేరినప్పుడు జనం నోళ్ళు తెరిచి చూశారు. రంగప్ప, సుంకప్ప పక్కపక్కనే నడుస్తున్నారు. నీలావతి చేతిలోని చక్కెర పొట్లం జారిపడబోయి ఆగింది. రంగప్ప ఆమె దగ్గరకు పోయి, జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి, "సగంలో ఇడిచిపెడితినే" అన్నాడు. ఆమె అంత జనంలోనే ఆయన చేయి పట్టుకొని, మళ్ళీ సిగ్గుపడి వదిలేసింది.

వంక నీళ్ళలో పీర్లను ముంచి తీశారు. మొక్కు తీరింది. ఓబులేసు ముఖం మీది మసి కడుక్కొని, తడి తలతో నేరుగా రంగప్ప దగ్గరకు వచ్చాడు. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ మనిషి తండ్రంత ఉన్నాడు.

"మామా" అన్నాడు. "నువ్వు లాగుతాంటే ఆ సుత్తి పైకి లేస్తాండేది నాకు కనపడింది."

"కనపడిందా? కనపడితే నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదారా?"

"అమ్మ మొక్కు గదా మామా. మాటొచ్చేదానికి మొక్కుకున్య మొక్కు. తప్పితే ఎట్ల?"

రంగప్ప వాడి చెవి పట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. "మొక్కు లేదు, గిక్కు లేదు. ఇంకోసారి నీ మీదికి ఎవుడన్నా ఎత్తితే, నోరు తెరిచి అరువు. పీర్లకు నేను జవాబు చెప్పుకుంటా. ఏదీ, ఎట్ల అరుస్తావో ఇప్పుడు అరువు, నేను ఇనల్ల."

ఓబులేసు సిగ్గుపడి తండ్రి వంక చూశాడు. సుంకప్ప తల ఊపాడు. వాడు గుండె నిండా గాలి పీల్చుకొని, "మామా!" అని వంక అదిరేలా అరిచాడు. ఒడ్డున ఉన్న జనమంతా తిరిగి చూశారు.

"ఆఁ, అట్ల" అన్నాడు రంగప్ప.